శరత్కాల వాతావరణము – కొరమీను వేట

నర్సీపట్నము ప్రాంతపు చెరువు రైతులకు సూచనలు

వానకారు ముగిసి చలికారు మొదలగు నడిమి దినములలో చెరువు నీటియందును, చేపల నడవడియందును గొప్ప మార్పులు కలుగును. నర్సీపట్నము ప్రాంతమునకు ఒక వైపున తూర్పుకనుమలును, మఱియొక వైపున సముద్రమును ఉండుటచే ఈ మార్పులు ఇచ్చట త్వరితముగా వచ్చును. కొండలమీద కురిసిన వాన వరాహానది, తాండవనది వాగులలో ఒక్క రాత్రిలో దిగివచ్చును. బంగాళాఖాతమున బుట్టిన వాయుగుండము రెండు మూడు దినములు ఆకాశమును మూసివేయును. చెరువు గాని, పొలములో గుంట గాని గల రైతు ఈ కాలపు గుఱుతులను తెలిసికొనినయెడల కొరమీనును సులభముగా పట్టగలడు. తెలిసికొననియెడల ఏడాది పెంచిన చేపను ఒక్క రాత్రిలో పోగొట్టుకొనవచ్చును.

1. కొరమీను స్వభావము

కొరమీను (కొన్ని చోట్ల కొర్రమట్ట యందురు) కప్పలను, చిన్న చేపలను, రొయ్యలను, పురుగులను తిను వేటచేప. నాచును, తామరతూండ్లును గల గట్టువార నీటిలో కదలక పొంచియుండి, ఎర దగ్గఱకు వచ్చినంతనే మీదబడును. మొప్పలకు పైన గాలి పీల్చుటకు వేఱు అర యుండుటచే ఇది మాటిమాటికి నీటిపైకి వచ్చి గాలి మ్రింగును. ఒడలు తడిగా నున్నంతవఱకు గట్టుమీద గూడ చాలసేపు బ్రతుకును. దీని దేహము నీటితోబాటే వెచ్చబడును, నీటితోబాటే చల్లబడును. నీరు వెచ్చగా నున్న ఆకలి హెచ్చును, చల్లబడిన తగ్గును. వేటవేళ లన్నియు ఈ యొక్క సంగతిపై నాధారపడి యున్నవి.

ఉత్తర అమెరికా సరస్సులలో మస్కీ యను పెద్ద వేటచేప కలదు. అచ్చటి గాలపు వేటగాండ్రు శరత్కాలమునే దానికి మంచి సమయముగా నెంచెదరు. ఆ దినములలో సరస్సు పైనీరు చల్లబడి బరువెక్కి క్రిందికి దిగగా, నీరంతయు కలిసిపోవును. మన చెరువులు లోతు తక్కువవి. మంచుగడ్డ కట్టునంత చలియు లేదు. అయినను నీరు చల్లబడుట, పైనీరు అడుగునీరు కలియుట అను రెండు మార్పులు ఇచ్చటను జరుగును. మొదటిది వేటను మార్చును. రెండవది చేపల ప్రాణమునకే ముప్పు తెచ్చును.

2. కార్తెల ననుసరించి వేట

హస్త, చిత్త కార్తెలలో చెరువులు నిండుగా నుండును. చేపలు కాలువలలోనికిని, వరిమళ్లలోనికిని చెదరిపోవును. వరద నీరు బురదగా నుండుటచే కొరమీనునకు ఎర కనబడదు. వాన వెలిసి కొన్ని దినములు ఎండ కాచి నీరు తేరిన తరువాత గాలము వేయుట మేలు. ఉదయమును, సాయంకాలమును నాచు అంచున కప్పపిల్ల ఎరను నీటిపై ఆడించుచు వేయవలెను.

స్వాతి, విశాఖ కార్తెలలో రాత్రులు చల్లబడి, తెల్లవారుజామున మంచు పడును. చల్లని నీటిలో చేప మందముగా నుండును గావున పెందలకడ గాలము పట్టుకొని పోవుటవలన ప్రయోజనము తక్కువ. ప్రొద్దెక్కి గట్టువార నీరు వెచ్చబడిన పిమ్మట, గాలి లేని ఎండ దినమున, సాయంకాలము వఱకు వేయుట మంచిది.

అనూరాధ కార్తె మొదలుకొని చలి ముదురుకొలది కొరమీను మేత తగ్గించి లోతు చోట్లకు చేరును. అప్పుడు గాలము నమ్ముకొనుటకంటె వలలు, వెదురు మావులు వాడుట మేలు.

3. మబ్బు దినముల ముప్పు

చెరువులోని ప్రాణవాయువులో పెక్కుభాగము పగటి యెండలో నాచు మొదలగు పచ్చని సస్యములవలన పుట్టును. రాత్రివేళ ఆ సస్యములును, చేపలును, అడుగున కుళ్లు చెత్తయు దానిని ఖర్చుచేయును. వాయుగుండము పట్టి వరుసగా ఎండ లేనియెడల రాబడి తగ్గి ఖర్చు మిగులును. దానిపై చల్లని వానయు, పెనుగాలియు వచ్చి అడుగు నీటిని పైకి కలచివేసినచో, తెల్లవారుసరికి బొచ్చెలు, శీలావతులు నోళ్లు తెఱచి నీటిపై తేలును. కొన్ని గంటలలో చెరువంతయు చావవచ్చును.

కొరమీను పైగాలిని పీల్చునది గావున అప్పటికిని బ్రతికియుండును. కొరమీను క్షేమముగా నున్నదని చూచి చెరువు క్షేమమని తలంపరాదు. మబ్బు పట్టినంతనే మేతయు, పేడయు వేయుట మానవలెను. చేపలు తేలినచో క్రొత్తనీరు పెట్టవలెను. అది లేనియెడల ఇంజనుతో చెరువు నీటినే తోడి ఎత్తునుండి తిరిగి చెరువులో చిమ్మింపవలెను. కొంత చేపను పట్టివేసినను మిగిలినదానికి ఊపిరి దొరకును.

4. తుపాను వరద

2014 అక్టోబరు 12 వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమువద్ద తీరము దాటినది. తుపాను భయము ఈ ఋతువునకు సహజము. చెరువు పొర్లినప్పుడు చేప కళింగుగుండ వెడలిపోవును. కొరమీను తడినేలపై ప్రాకియు పోగలదు. కావున వరదకు ముందే కళింగునకు వెదురు తడిక కట్టవలెను. అయితే తడికకు ఆకులు, చెత్త అడ్డుపడి నీరు నిలిచినచో గట్టు తెగును. చేప పోయిన మరుసటి యేడు పెంచవచ్చును. గట్టు తెగిన క్రింది పొలములన్నియు పోవును. తడికను మాటిమాటికి శుభ్రపఱచవలెను. అది సాధ్యము కానిచో తీసివేయవలెను. ఉఱుములు మెఱుపులు గల వేళ ఎవ్వరును గట్టుమీద నుండరాదు.

5. పిల్లల గుంపు

కొరమీను ముఖ్యముగా వానకారున గ్రుడ్లు పెట్టును. వానలు సాగినచో శరత్తునందును పిల్లలు కనబడును. ఎఱ్ఱని పిల్లలు గుంపుగా నీటిపై కదలుచుండ, తల్లిదండ్రులు క్రింద కావలి యుండి దగ్గఱకు వచ్చిన దేనినైనను కొట్టును. అందుచే వానిని గాలమున పట్టుట మిక్కిలి సులభము. ఆ సులభమైన వేటయే మిక్కిలి నష్టమైన వేట. కావలి పోయిన పిల్లలను ఇతర చేపలు, పక్షులు తినివేయును. అట్టి గుంపు కనబడిన చోట గాలము వేయరాదు.

6. పుండ్ల తెగులు

1988 వ సంవత్సరమున భారతదేశమున ప్రవేశించిన ఈ తెగులు నీటిలోని ఒక బూజువలన కలుగును. భారీ వానల తరువాత నీరు చల్లబడు కాలమున ఇది విజృంభించును. కొరమీను దీనికి సులభముగా లోబడును. మొదట ఒంటిపై ఎఱ్ఱని మచ్చలు, పిమ్మట లోతైన పుండ్లు పుట్టును. చలి ముదురకముందే శాఖవారు చెప్పు మోతాదున చెరువులో సున్నము చల్లుట మంచిది. తెగులు కనబడినచో భువనేశ్వరమునందలి కేంద్ర మంచినీటి మత్స్యపరిశోధన సంస్థవారు కనిపెట్టిన సిఫాక్స్ మందును, ఒక హెక్టారు విస్తీర్ణము, ఒక మీటరు లోతు గల నీటికి 1 లీటరు చొప్పున వాడవచ్చును. చచ్చిన చేపను నీటిలో విడువక సున్నముతో పాతిపెట్టవలెను. ఒక చెరువున వాడిన వలను ఎండబెట్టక వేఱొక చెరువున దింపరాదు.

7. ముఖ్యాంశములు

నీరు తేరినపుడును, వెచ్చబడినపుడును వేటాడవలెను. మబ్బు పట్టినపుడు వేట మాని చెరువును కనిపెట్టవలెను. పురుగుమందు చల్లిన మడినీటిని చెరువులోనికి వదలరాదు. మందుగుండుతోను, విషముతోను చేపలు పట్టుట 1897 వ సంవత్సరపు మత్స్యచట్టముచే నిషిద్ధము. ఈ యేడు విడిచిన తల్లిచేపయే వచ్చు యేటి పంటకు విత్తనమని రైతులు గ్రహింపవలెను.