నాలుక క్రింది పొర - మాట రాని బిడ్డ

మూడేండ్లు నిండినను బిడ్డకు మాట రాకున్నచో మన గ్రామములలో పెద్దలు రెండు మాటలు చెప్పుదురు. ఒకటి, "వస సరిగా పోయలేదు" అని. రెండవది, "నాలుక అంటుకొని ఉంది, కోయించండి" అని. వసవలన మాట వచ్చునన్నదానికి ఆధారము లేదు, పసివారికి అది హాని చేయగలదు. రెండవ మాటను గూర్చి పంచాయతీ సభ్యులు మరికొంత తెలిసికొనవలసియున్నది.

నాలుక నెత్తి చూచినచో దానిని నోటి అడుగునకు అంటియుంచు సన్నని పొర కన్పించును. ఇది అందరికిని ఉన్నదే. కొందరు శిశువులకు పుట్టుకతోనే పొట్టిగా, బిగువుగా నుండును. అట్టివారు నాలుక చాచినప్పుడు కొన తమలపాకు తొడిమచోటువలె నడుమ నొక్కుకొనియుండును. దీనివలన మొట్టమొదట చిక్కు కలుగునది మాటలో కాదు, పాలు త్రాగుటలో. కొందరు బిడ్డలకు రొమ్ము సరిగా అందదు, బరువు పెరుగరు. పాలు పట్టు తీరు సరిదిద్దినను ఫలితము లేనప్పుడు వైద్యుడు పొరను కత్తిరించును. అది చిన్నపనియే.

మరి మాట సంగతి? ఇందుకు తెలుగు అక్షరములే సాక్ష్యము. ప, బ, మ లకు పెదవులు చాలును. క, గ లకు నాలుక వెనుకభాగము లేచిన చాలును. త, ద లకు కొన పండ్లను తాకిన చాలును. కొన బాగుగా పైకి లేవవలసినవి ర, ల, ట, డ, ళ వంటివి. కావున పొర బిగిసిన బిడ్డ "రాముడు" అనుటలో తడబడవచ్చును గాని "అమ్మ", "మామ", "కాకి" అనుటకు ఆ పొర అడ్డురాదు. ర యన్నది ఏ లోపము లేని పిల్లలకును ఆలస్యముగనే పట్టుబడును. పెక్కుమంది నాలుకను మరొక తీరున త్రిప్పి ఆ అక్షరములను గూడ నేర్చుకొందురు. ఇక నత్తికిని ఈ పొరకును సంబంధమే లేదు.

రెండేండ్లు దాటినను "అమ్మ" యైన అనని బిడ్డకు మొదట పరీక్షింపవలసినది చెవి. వినని మాటను ఏ బిడ్డయు నేర్వలేదు. మేము చూచిన యొక గ్రామమున నాలుగేండ్ల బాలునికి ఇంటనే బ్లేడుతో పొర కోసిరి. నాలుక క్రింద రక్తనాళములు, లాలాజలము వచ్చు ద్వారములు ఉన్నవని వారెరుగరు. నెత్తురు ఆగక ఆసుపత్రికి పరుగెత్తిరి. గాయము మానినది, మాట రాలేదు. మరుసటి యేట పరీక్షించగా రెండు చెవులును వినబడవని తేలినది. "వెనక పళ్లెం పడ్డా తిరిగి చూసేవాడు కాదండీ, ఆటలో ఉన్నాడనుకున్నాం" అని తల్లి మాతో అన్నది.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి రావలసియున్నవి. వినికిడి లోపము, మాట ఆలస్యము వారు చూచు విషయములలోనివే. అవసరమున్న బిడ్డలను జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు ఉచితముగా పంపుదురు. సభ్యులు బృందము వచ్చు తేదీని అంగన్‌వాడీ కార్యకర్తనడిగి తెలిసికొని, తమ వార్డులో మాట రాని బిడ్డయున్న యింటికి ముందునాడే వెళ్లి చెప్పవలెను. కూలికి పోవు తల్లులకు ఆ కబురు తరచు అందుట లేదు. తేదీ దాటిపోయినచో మరల ఆరు నెలలు వేచియుండక, ఆశా కార్యకర్తను తోడిచ్చి బిడ్డను నేరుగా జిల్లా ఆసుపత్రికే పంపవచ్చును.