ప్రవేశముల వేళ పాటించవలసిన ధర్మము

కళాశాల అనగానే మనకు తరగతి గది, గ్రంథాలయము గుర్తుకు వచ్చును. కాని విద్యార్థికి కళాశాలతో తొలి పరిచయము కలుగునది ప్రవేశముల గదిలోని బల్ల వద్ద. అచ్చట కూర్చున్న గుమాస్తా పలికిన మాటయే ఆ కుటుంబమునకు కళాశాల ఇచ్చిన మాట. కనుక ఆ సిబ్బందికి ఏమి నేర్పవలెనో ఈ వ్యాసములో పరిశీలింతము.

మొదట చట్టము తెలియవలెను. రాజ్యాంగములోని 30వ అధికరణము అల్పసంఖ్యాక వర్గములకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కును ప్రసాదించినది. ప్రభుత్వ సహాయము పొందు సంస్థలో కేవలము మతము, జాతి, కులము, భాష కారణముగా ఏ పౌరునికీ ప్రవేశము నిరాకరింపరాదని 29వ అధికరణము చెప్పుచున్నది. ఈ రెండింటినీ కలిపి చదువుకొనవలెను. 1983లోనే ఆంధ్రప్రదేశ్‌లో కాపిటేషన్ ఫీజును నిషేధించు చట్టము వచ్చినది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు, సంస్థ అభివృద్ధికి సహేతుకమైన మిగులు ఉండవచ్చును గాని విద్యతో లాభార్జన కూడదని స్పష్టము చేసినది.

అయితే చట్టము తెలిసిన మాత్రమున ధర్మము అలవడదు. ఒక ఉదాహరణ ఊహింతము. ఉర్దూ మాధ్యమములో ఇంటర్ ముగించిన ఒక దర్జీ కుమార్తె తండ్రితో కలిసి వచ్చినది. "ఈ కోర్సు ఉర్దూలో చెప్పుదురా?" అని తండ్రి అడిగినాడు. చెప్పరని గుమాస్తాకు తెలియును. కాని సీట్లు మిగిలి ఉన్నవి. సీట్లు నిండనిచో కోర్సు మూతపడునను భయమున్నది. "ముందు చేర్చండి, తరువాత చూద్దాము" అన్నాడు. దసరా నాటికి ఆ బాలికకు పాఠములు అందకపోయినవి. వేరొక చోట చేరుదమన్న అసలు సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో ఉన్నవి. ఒక సంవత్సరము పోయినది. అట్టి ఇంటిలో ఒక సంవత్సరము పోవుట అనగా తరచు చదువే ఆగిపోవుట. గుమాస్తా లంచము తీసికొనలేదు, చెప్పవలసిన ఒక మాట దాచినాడు, అంతే.

దీనినుండి సిబ్బందికి నాలుగు పాఠములు నేర్పవచ్చును. మొదటిది: మాధ్యమము, మొత్తము ఫీజు, హాస్టలు, స్కాలర్‌షిప్పు నియమములు వ్రాతపూర్వకముగా, ఉర్దూ తెలుగు భాషలు రెండింటిలోను ఈయవలెను. రెండవది: అసలు సర్టిఫికెట్లను విద్యార్థి ఎదుటనే సరిచూచి వెంటనే తిరిగి ఇచ్చి, నకళ్లు మాత్రమే ఉంచుకొనవలెను. యు.జి.సి. 2018లో వెలువరించిన ప్రకటన ఇదే చెప్పినది. చివరి తేదీకి 15 దినములు ముందుగా విరమించుకొన్నవారికి ఫీజులో 5 శాతమునకు, అదియు 5,000 రూపాయలకు మించకుండ మినహాయించి మిగిలినది తిరిగి ఈయవలెనని కూడ అందులో కలదు. మూడవది: తెలంగాణలో 2016లో దోస్త్ అను ఆన్‌లైన్ పద్ధతి వచ్చిన తరువాత, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి తీసికొని విద్యార్థి కోరని కళాశాలను ఎంచు ప్రమాదము ఏర్పడినది. దరఖాస్తు నింపుటలో సహాయము చేయవచ్చును, ఎంపిక మాత్రము విద్యార్థిదే. నాలుగవది: మన కోర్సు సరిపడనిచో ఆ సంగతి చెప్పి, సరిపడు చోటు చూపి పంపవలెను.

కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. విద్యార్థిని తెచ్చినందుకు తలకింత అని దళారికి గాని, అధ్యాపకునికి గాని ముట్టజెప్పినచో పై పాఠములన్నియు వ్యర్థము. ఎందరిని చేర్చినాడను లెక్కతో జీతము ముడిపడిన వానినుండి నిజము ఆశింపలేము. చేరినవారిలో ఎందరు చదువు పూర్తిచేసినారని లెక్క చూచినచో సిబ్బంది మాటతీరు తానే మారును.

విద్యార్థి మిత్రులారా! వేసవిలో క్రొత్తవారికి దారి చూపువారు మీరే. మీరు చేరిన నాడు మీకు ఎవరు ఏమి చెప్పి ఉండవలసినదో జ్ఞప్తికి తెచ్చుకొని, దానినే వారికి చెప్పుడు.