రీఛార్జ్ డబ్బు చదువుకు అందాలంటే: మొబైల్ డేటా లెక్కలు



ఫీజులు, పుస్తకాలు, బట్టలతో పాటు ఇప్పుడు పేద విద్యార్థికి మనం చేసే సాయంలో ఫోన్ రీఛార్జ్ కూడా చేరింది. కాలేజీ కబుర్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, పాఠాల వీడియోలు అన్నీ ఫోన్‌లోకే వస్తున్నాయి. పెద్దపంజాణి చుట్టుపక్కల పల్లెల నుంచి పుంగనూరు, పలమనేరు, మదనపల్లెకు వెళ్లి చదువుకునే పిల్లలకు ఇది తప్పనిసరి ఖర్చు. అయితే ఫీజు కడితే రసీదు వస్తుంది. రీఛార్జ్ చేయిస్తే ఆ డేటా పాఠానికి పోయిందో, రీల్స్‌కి పోయిందో మనకు తెలియదు. ఇచ్చిన డబ్బు అమానత్ కనుక దాని లెక్క తెలుసుకోవడం మంచిది.

2జీ నుంచి 5జీ దాకా

'జీ' అంటే తరం. 2జీలో మాటలు, మెసేజీలే ప్రధానం. 3జీని మన దేశంలో ప్రభుత్వ సంస్థలు 2008-09లోనూ, ప్రైవేటు కంపెనీలు 2010 చివర్లోనూ మొదలుపెట్టాయి. 4జీ 2012లోనే వచ్చినా, 2016 సెప్టెంబరులో జియో రంగంలోకి దిగాకే డేటా సామాన్యుడికి అందే ధరకు దిగింది. 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది.

తరం ఏదైనా టవర్ ఊరి ట్యాంకు లాంటిది. అందరూ ఒకేసారి కుళాయి తిప్పితే ధార సన్నబడుతుంది. సాయంత్రం ఏడు దాటాక నెట్ నెమ్మదించడానికి ఎక్కువగా ఇదే కారణం. ఇక తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు దూరం పోతాయి, గోడల్లోంచి కూడా బాగా దూరుతాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీవి వేగం ఇచ్చినా దగ్గర్లోనే ఆగిపోతాయి. అందుకే గుట్ట చాటు ఇంట్లో ఒక కంపెనీ సిమ్ పనిచేస్తే మరొకటి పనిచేయదు. రీఛార్జ్ చేయించే ముందు విద్యార్థి ఇంట్లో ఏ సిగ్నల్ అందుతుందో అడగడం మొదటి జాగ్రత్త.

వేగం వేరు, డేటా వేరు

వేగాన్ని మెగాబిట్లలో, డేటాను మెగాబైట్లలో కొలుస్తారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. సెకనుకు 1 మెగాబిట్ వేగంతో గంటసేపు వీడియో నడిస్తే 450 ఎంబీ ఖర్చవుతుంది. 480పీ నాణ్యతలో పాఠం వీడియోకు సుమారుగా ఇంతే పడుతుంది. అదే పాఠం 720పీలో చూస్తే గంటకు 1 జీబీ దాటవచ్చు. రోజుకు 1.5 జీబీ ప్లాన్ ఉన్న పిల్లవాడికి మొదటి పద్ధతిలో మూడు గంటలకు పైగా పాఠాలు వస్తాయి. రెండో పద్ధతిలో గంటన్నర లోపే అయిపోతుంది. బోర్డు మీద అక్షరాలు చదవడానికి 480పీ చాలు.

ప్రభుత్వ నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే సెకనుకు కనీసం 2 మెగాబిట్ల వేగం ఉండాలి. 4జీ సిగ్నల్ సరిగా ఉంటే అది సులభంగా వస్తుంది. కాబట్టి చదువు కోసమే అయితే ఖరీదైన 5జీ ఫోన్ కొనివ్వనవసరం లేదు. పైగా వేగం పెరిగితే 'ఆటో'లో ఉన్న వీడియో తనంతట తానే నాణ్యత పెంచుకుని డేటాను త్వరగా తాగేస్తుంది.

28 రోజుల లెక్క

చాలా ప్లాన్లు 28 రోజులవి. అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జ్‌లు. లెక్క కోసం ప్లాన్ 300 రూపాయలనుకుందాం. ఒక విద్యార్థికి ఏడాదికి 3,900, పదిమందికి 39,000. అదే ధరకు ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ దొరికితే పదిమందికి 36,000. మిగిలిన 3,000తో మరో విద్యార్థికి పది నెలలు గడుస్తాయి. 30 రోజుల ప్లాన్, నెలనెలా అదే తేదీన వచ్చే ప్లాన్ కనీసం ఒక్కొక్కటైనా ఉంచాలని 2022లో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. ఏ ప్లాన్ అయినా ధరను రోజులతో భాగించి పోల్చండి. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచాక ఈ లెక్క మరింత అవసరమైంది.

రోజువారీ కోటాలో మిగిలింది మరుసటి రోజుకు చేరదు. 28 రోజులకు 42 జీబీ ఇచ్చే 300 రూపాయల ప్లాన్‌లో అంతా వాడితే జీబీ 7 రూపాయలు. రోజుకు అర జీబీ మాత్రమే వాడేవారికి అదే జీబీ 21 రూపాయలు పడుతుంది. అలాంటివారికి తక్కువ డేటా ప్లాన్ చూడాలి. ఇంట్లో అమ్మకో నానమ్మకో మాటలు మాత్రమే చాలు అనుకుంటే, 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించినట్టు కాల్స్, ఎస్‌ఎంఎస్‌లకే పరిమితమైన ప్లాన్లు ఉన్నాయి. దుకాణంలో అడిగి తీసుకోవాలి.

కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఒక ఎంబీ ఫొటో రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. అయినా మెసేజీలు వెళ్తాయి. వెంటనే అదనపు డేటా ప్యాక్ వేయించే ముందు రేపటి దాకా ఆగగలమా అని చూసుకోవాలి.

పిల్లలకు చెప్పవలసినవి

- వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపాలి.
- యాప్‌ల అప్‌డేట్ వైఫైలో మాత్రమే జరిగేలా పెట్టాలి.
- వీడియో నాణ్యతను 'ఆటో' నుంచి 480పీకి మార్చాలి.
- సెట్టింగ్స్‌లో డేటా సేవర్ వేసి, రోజువారీ హెచ్చరిక పెట్టుకోవాలి.
- అదే సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత తింటోందో వారానికోసారి చూడాలి. ఇదే మనకు దక్కే రసీదు.

ఒక గది, ఒక కనెక్షన్

పదిమందికి విడివిడిగా పెద్ద ప్లాన్లు వేయించే బదులు, సాయంత్రాలు చదువుకునే ఒక గదికి ఫైబర్ కనెక్షన్ పెట్టించవచ్చు. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ గానీ మరో సంస్థ గానీ మీ వీధికి తీగ ఇస్తుందేమో విచారించండి. నెలకు 500 రూపాయలనుకున్నా 18 శాతం జీఎస్టీతో ఏడాదికి 7,080. పిల్లలు అక్కడే పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుని ఇంట్లో నెట్ లేకుండా చూసుకోవచ్చు. అప్పుడు వాళ్ల ఫోన్లకు చిన్న ప్లాన్ సరిపోతుంది.

అయితే సాయంత్రం బయటికి రాలేని ఆడపిల్లలకు, దూరపు పల్లెల పిల్లలకు ఆ గది ఉపయోగపడదు. గది వల్ల మిగిలే డబ్బులో ముందుగా వాళ్ల రీఛార్జ్‌లకు వాటా తీయాలి. ఈసారి విద్యార్థికి రీఛార్జ్ వేయించే ముందు సిగ్నల్ ఏది, రోజుకు ఎంత డేటా కావాలి, ప్లాన్ ఎన్ని రోజులు అనే మూడు ప్రశ్నలు అడగమని దాతలకు మనవి.