చీరాల–పేరాల పోరాటం, మునిసిపాలిటీ ఓటు కథ

ఈసారి గోడపత్రికలో సాంఘికశాస్త్రం పేజీ నా వంతు వచ్చింది. మునిసిపాలిటీ ఎన్నికల గురించి రాయమని మా టీచర్ గారు చెప్పారు. మునిసిపాలిటీ అంటే మురిక్కాలవలూ చెత్తబండీనే కదా, ఇందులో రాయడానికి ఏముంటుంది అని మీకు అనిపించొచ్చు. కానీ ఒక మునిసిపాలిటీ కోసం మన ప్రాంతంలో ఒక ఊరు ఊరంతా లేచి వెళ్ళిపోయింది. గాంధీజీ కూడా ఆ ఊరికి వచ్చారు. ఓపిగ్గా చదవండి. చివర్లో ప్రశ్నలు కూడా ఉన్నాయి.

1. మునిసిపాలిటీ అంటే ఏమిటి?

పల్లెకి పంచాయతీ ఎట్లాగో పట్టణానికి మునిసిపాలిటీ అట్లాగన్నమాట. ఇంకా పెద్ద నగరమైతే కార్పొరేషన్ అంటారు. పట్టణాన్ని వార్డులుగా విడగొడతారు. వార్డుకి ఒక కౌన్సిలర్ని జనం ఓటేసి ఎన్నుకుంటారు. కౌన్సిలర్లందరూ కూర్చునే సభే కౌన్సిల్. దాని పెద్దని మునిసిపాలిటీలో చైర్‌పర్సన్ అనీ, కార్పొరేషన్‌లో మేయర్ అనీ అంటారు. మంచినీళ్ళు, వీధి దీపాలు, కాలవలు, రోడ్లు, చెత్త ఎత్తడం, పుట్టినవాళ్ళవీ చనిపోయినవాళ్ళవీ లెక్క రాయడం వీళ్ళ పని. అందుకు డబ్బు కావాలి కాబట్టి ఇంటిపన్ను, నీటిపన్ను వసూలు చేస్తారు.

మన హాస్టల్లో మెస్ కమిటీ ఉంది చూడండి. కూరలో ఉప్పు ఎక్కువైతే ముందు దాన్నే అడుగుతాం. ముఖ్యమంత్రి గారిని అడగం కదా! మునిసిపాలిటీ కూడా అంతే. మనిషికి అన్నిటికన్నా దగ్గరగా ఉండే ప్రభుత్వం అది.

2. మొదట్లో ఎట్లా ఉండేది?

మన దేశంలో మొట్టమొదటి కార్పొరేషన్ మద్రాసులో 1688లో వచ్చింది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు పెట్టారు. తర్వాత తెలుగు నేలలో భీమునిపట్నం 1861లో, మన గుంటూరు 1866లో, ఒంగోలు 1876లో మునిసిపాలిటీలు అయ్యాయి. కానీ మొదట్లో సభ్యుల్ని జనం ఎన్నుకునేవాళ్ళు కాదు. తెల్లదొరలే నియమించేవాళ్ళు.

1882లో లార్డ్ రిప్పన్ అనే వైస్రాయి ఒక తీర్మానం చేశాడు. ఊళ్ళ పనులు ఊళ్ళవాళ్ళే చూసుకోవాలి, సభ్యుల్లో ఎక్కువమందిని ఎన్నుకోవాలి అన్నాడు. అందుకే ఆయన్ని స్థానిక స్వపరిపాలనకు పితామహుడు అంటారు. (పరీక్షలో వస్తుంది, గుర్తుపెట్టుకోండి.)

అయితే ఓటు అందరికీ రాలేదు. ఆస్తి ఉన్నవాళ్ళకీ, ఇంత అని పన్ను కట్టేవాళ్ళకే ఓటు. కూలివాళ్ళకి లేదు. గుడిసెల్లో ఉండేవాళ్ళకి లేదు. పన్ను కట్టినవాడే మనిషి అన్నట్టు ఉండేది లెక్క.

3. చీరాల–పేరాల

చీరాల, పేరాల పక్కపక్క ఊళ్ళు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నాయి. 1970 నుంచి 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండేవి. అంతకుముందు గుంటూరు జిల్లా. అక్కడ చేనేతవాళ్ళు ఎక్కువ. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిపి మొదట ఒక యూనియన్ ఉండేది. యూనియన్ అంటే చిన్న పంచాయతీ లాంటిది. దానికి ఏడాదికి సుమారు 4,000 రూపాయల పన్ను వచ్చేది.

1919–20 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసింది. దాంతో పన్ను సుమారు 40,000 రూపాయలకి పెరిగింది. అప్పుడు జనాభా దాదాపు 15,000. నేను లెక్క కట్టి చూశాను. మనిషికి నాలుగణాల పైచిలుకు ఉన్న పన్ను రెండు రూపాయల పది అణాలు దాటింది. (16 అణాలు ఒక రూపాయి.) పన్ను పదింతలైంది గానీ మగ్గం మీద వచ్చే కూలి పదింతలు కాలేదు కదా!

జనం మాకు మునిసిపాలిటీ వద్దు, పాత యూనియనే ఉంచండి అని అర్జీలు పెట్టుకున్నారు. ప్రభుత్వం వినలేదు. అప్పుడు జనానికి ముందు నిలబడినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు. ఆయన 1889లో పెనుగంచిప్రోలులో పుట్టారు. ఇంగ్లండు పక్కనున్న స్కాట్లాండులో ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చారు. ఆయన్ని ఆంధ్రరత్న అంటారు. రామదండు అని కార్యకర్తల దళం ఒకటి పెట్టారు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ఎన్నికైన సభ్యులు లేకుండానే ప్రభుత్వం తన మనిషిని పెట్టి మునిసిపాలిటీ నడిపింది. పన్ను కట్టనివాళ్ళని కొందరిని జైలుకి పంపారు. వాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది.

1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. అవి అయ్యాక ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు. శాంతంగా పన్ను కట్టకుండా ఉండి జైలుకైనా వెళ్ళడం ఒకటి. ఊరు వదిలి మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం రెండోది. ఊళ్ళో జనమే లేకపోతే ఇంక మునిసిపాలిటీ ఎవరి మీద?

జనం రెండో దారి పట్టారు. సుమారు 13,000 మంది ఇళ్ళు వదిలి హద్దు బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. మన హాస్టల్లో మూడు వందల మందిమి ఉంటాం. ఇట్లాంటివి నలభై మూడు హాస్టళ్ళు ఒక్కసారి ఖాళీ అయితే ఎట్లా ఉంటుందో ఊహించండి! మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఎండ ఎట్లాంటిదో మీకు తెలుసు. ఆ ఎండలో, తర్వాత వానలో, మళ్ళీ చలిలో పదకొండు నెలలు ఉన్నారు.

గోపాలకృష్ణయ్య గారు బరంపురం వెళ్ళినప్పుడు, సభలో మాట్లాడకూడదన్న ఆజ్ఞని లెక్కచేయలేదని ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని ఏడాది జైలు వేసింది. నడిపించే మనిషి లేడు, చేతిలో డబ్బు లేదు. చివరికి జనం ఇళ్ళకి తిరిగి వచ్చారు. గోపాలకృష్ణయ్య గారు 1928లో, నలభై ఏళ్ళు నిండకుండానే చనిపోయారు.

మరి ఓడిపోయినట్టే కదా అని నేను టీచర్ గారిని అడిగాను. "నువ్వే ఆలోచించి రాయి" అన్నారు. నాకు తోచింది ఇది. వాళ్ళు కోరింది అప్పుడు రాలేదు, నిజమే. కానీ ఊరి మురిక్కాలవ పన్ను దగ్గర మొదలైన తగువు "మమ్మల్ని అడక్కుండా మా మీద పన్ను వేయడానికి మీరెవరు?" అనే ప్రశ్న దాకా వెళ్ళింది. దేశమంతా తెల్లదొరల్ని అడిగిన ప్రశ్న కూడా అదే. 1922 మొదట్లో మన పెదనందిపాడు వైపు రైతులు శిస్తు కట్టం అన్నారు. పల్నాడులో అడవికి పశువుల్ని తోలినందుకు కట్టే పుల్లరి కట్టం అన్నారు. అక్కడ కన్నెగంటి హనుమంతు గారు పోలీసు కాల్పుల్లో చనిపోయారు.

4. అదే కాలంలో స్టూవర్టుపురం

ఇప్పుడు రాసేది మా వాళ్ళ సంగతి. మేము ఎరుకలవాళ్ళం. చీరాలకీ బాపట్లకీ మధ్య రైలు దారిలో స్టూవర్టుపురం ఉంది. 1913 ప్రాంతంలో ప్రభుత్వం, సాల్వేషన్ ఆర్మీ కలిసి ఎరుకలవాళ్ళ కోసం పెట్టిన సెటిల్‌మెంటు అది. అప్పట్లో నేరస్థ జాతుల చట్టం అని ఉండేది. 1871లో చేసి, 1911లో మన మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. దాని ప్రకారం కొన్ని కులాల్లో పుడితేనే దొంగ అని రాసేసేవాళ్ళు. ఊయల్లో ఉన్న పిల్లకి కూడా ఆ పేరే. హాజరు చెప్పుకోవాలి. అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు.

ఈ రెంటినీ నేను పక్కపక్కన పెట్టి చూశాను. 1921లో చీరాలవాళ్ళు మాకు ఈ మునిసిపాలిటీ వద్దు అని హద్దు దాటి వెళ్ళారు. అది గొప్ప ధైర్యం. అదే ఏడాది, కాస్త దూరంలోనే, మావాళ్ళకి హద్దు దాటే హక్కే లేదు. పన్ను ఎక్కువైందని అనడానికి వాళ్ళకి ఇల్లు లేదు, ఓటు లేదు. మా నాయనమ్మ వాళ్ళ నాయనకి రాత్రిపూట కూడా హాజరు చెప్పుకోవాల్సి వచ్చేదంట. సన్నికల్లు తీసుకుని పక్కూరు పోవాలన్నా చీటీ అడిగేవాళ్ళంట. ఈ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో పోయింది.

5. మునిసిపాలిటీల నుంచి దేశ నాయకులు

చీరాల తర్వాత కాంగ్రెస్ నాయకులు చాలామంది మునిసిపాలిటీ ఎన్నికల్లో నిలబడ్డారు. 1923లో జవహర్‌లాల్ నెహ్రూ గారు అలహాబాదుకి, 1924లో సర్దార్ పటేల్ గారు అహమ్మదాబాదుకి, బాబూ రాజేంద్రప్రసాద్ గారు పాట్నాకి మునిసిపాలిటీ అధ్యక్షులయ్యారు. 1924లో చిత్తరంజన్ దాస్ గారు కలకత్తా మేయరయ్యారు. సుభాష్ చంద్రబోస్ గారు ఆయన దగ్గర ముఖ్య అధికారిగా పనిచేసి, 1930లో తానే మేయరయ్యారు. వీళ్ళకంటే ముందే రాజాజీ గారు సేలం మునిసిపాలిటీకి చైర్మన్‌గా చేశారు.

తర్వాత వీళ్ళలో ఒకరు మొదటి ప్రధాని, ఒకరు మొదటి ఉపప్రధాని, ఒకరు మొదటి రాష్ట్రపతి అయ్యారు. రాజాజీ గారు గవర్నర్ జనరల్ అయ్యారు. అంటే దేశాన్ని నడపబోయేవాళ్ళు ముందు కుళాయిల దగ్గర, కాలవల దగ్గర పని నేర్చుకున్నారన్నమాట. మునిసిపాలిటీ ఎన్నిక చిన్న ఎన్నిక అని అనుకోకూడదు.

6. ఇప్పటి చట్టం

1950లో రాజ్యాంగం వచ్చాక ఆస్తి ఉన్నా లేకపోయినా పెద్దవాళ్ళందరికీ ఓటు వచ్చింది. మొదట 21 ఏళ్ళు నిండాలి. 1989 నుంచి 18 ఏళ్ళు చాలు. కానీ మునిసిపాలిటీలకి చాలాచోట్ల ఏళ్ళ తరబడి ఎన్నికలు పెట్టేవాళ్ళు కాదు. అందుకని పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉన్నప్పుడు 1992లో రాజ్యాంగానికి 74వ సవరణ చేశారు. 1993 జూన్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కౌన్సిల్‌కి ఐదేళ్ళే గడువు. ఎస్సీ, ఎస్టీలకి జనాభాని బట్టి సీట్లు. మొత్తం సీట్లలో మూడోవంతుకి తగ్గకుండా ఆడవాళ్ళకి. మన రాష్ట్రంలో తర్వాత దీన్ని సగం చేశారు.

చట్టం ఉన్నా ఆలస్యాలు తప్పలేదు. మన రాష్ట్రంలో 2014లో మునిసిపల్ ఎన్నికలు జరిగాక మళ్ళీ 2021 మార్చిలో జరిగాయి. 2020లో మొదలుపెట్టి కరోనా వల్ల ఆపారు. మధ్యలో కౌన్సిలర్లు లేనప్పుడు అధికారులే నడిపారు. అప్పుడు కుళాయి రాకపోతే వార్డులో ఎవర్ని అడగాలో జనానికి తెలియదు.

7. మన సంగతి

మా పేట ఒక పట్టణం చివర ఉంది. పేరు రాయను. మా అమ్మా నాయనా మిరపకోతలకి, పత్తి తీతలకి పోతారు. పని లేనప్పుడు నాయన బుట్టలు అల్లుతాడు. ఇద్దరికీ చదువు లేదు, వేలిముద్రే. మా ఇంటికి కుళాయి కోసం నాయన తిరిగితే, ఇంటిపన్ను రసీదు తెమ్మన్నారు. పన్ను కడతామంటే, స్థలం కాగితం తెమ్మన్నారు. కాగితం లేదు. "పన్ను కడతాం బాబూ, తీసుకోండి" అని మా నాయన బతిమాలాడు.

చీరాలవాళ్ళు పన్ను వద్దన్నారు, మేము పన్ను వేయమంటున్నాం. రెండూ వేరు వేరుగా కనిపిస్తాయి గానీ లోపల ఒకటే అని నాకు అనిపిస్తది. మమ్మల్ని అడగండి, మమ్మల్ని లెక్కలో పెట్టండి అని వాళ్ళూ అన్నారు, మేమూ అంటున్నాం. ఒకప్పుడు పన్ను కట్టకపోతే ఓటు లేదు. ఇప్పుడు మాకు ఓటుంది గానీ రసీదు లేదని కుళాయి లేదు. ఓటుతో ఆ రసీదు తెచ్చుకోవాలి. ఓటరు లిస్టులో మా అమ్మ పేరు అచ్చులో ఉంది. మొన్న సెలవుల్లో నేను వేలు పెట్టి చూపిస్తే, ఇదేనా నా పేరు అని చాలాసేపు చూసింది.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా, సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మూడు పనులు చేయండి. మీ అమ్మా నాయనల పేర్లు ఓటరు లిస్టులో ఉన్నాయో లేదో చదివి చెప్పండి. మీ వార్డు నెంబరు ఎంతో కనుక్కోండి. మీ పేటకి కావలసిన దానికి ఒక అర్జీ మీ చేత్తో రాసివ్వండి. మన ఇళ్ళల్లో మొదట చదువుకున్నది మనమే కాబట్టి ఇది మన పనే. నాకు ఓటు రావడానికి ఇంకా నాలుగేళ్ళు ఉంది. కౌన్సిలర్‌గా నిలబడాలంటే 21 ఏళ్ళు నిండాలి, అంటే ఏడేళ్ళు. అర్జీ రాయడానికి మాత్రం వయసుతో పని లేదు. మా పేట కుళాయి అర్జీ నేను రాసి నాయనకి ఇచ్చాను.

ప్రశ్నలు

1. స్థానిక స్వపరిపాలనకు పితామహుడు ఎవరు?
2. గాంధీజీ చీరాలకు ఏ తేదీన వచ్చారు?
3. రామనగరం ఎందుకు ఏర్పడింది?
4. 74వ సవరణ వల్ల ఎస్టీలకు, ఆడవాళ్ళకు కలిగిన లాభం ఏమిటి?
5. మీ వార్డు నెంబరు ఎంత? పల్లె అయితే మీ పంచాయతీ పేరేమిటి? (దీనికి జవాబు పుస్తకంలో దొరకదు.)

జవాబులు కాగితం మీద రాసి నాకివ్వండి. అన్నీ రాసినవాళ్ళ పేర్లు వచ్చే గోడపత్రికలో వేస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని