పాత పడవ మోటారు నడుమ నడుమ నీరసించుట: కారణములు, పరీక్షలు

మంత్రాలయము వంటి తుంగభద్రా తీరగ్రామములలో మర పడవకు పని తక్కువ. ఏటిలో నీరు సన్నగిల్లిన మాసములలో దాటుటకు పుట్టియే చాలును. మోటారు గోనెసంచి క్రింద ఒక మూల పడియుండును. కాని కరవుసీమ యని పేరుబడిన ఈ ప్రాంతమునందే 2009 అక్టోబరు మొదటివారమున తుంగభద్ర పొంగి మంత్రాలయమును, కర్నూలు నగరమును ముంచివేసిన సంగతి సభ్యులు మరచియుండరు. అట్టి దినమున నడియేటిలో మోటారు బలము తగ్గినచో పడవయు, అందలి మనుష్యులును ప్రవాహము పాలగుదురు.

పూర్తిగా చెడిన మోటారు అంత ప్రమాదకరము కాదు. దానిని ఎవరును నమ్మి ఏటిలోనికి పోరు. ఒడ్డున చక్కగా మ్రోగి, పావుగంట నడచిన పిమ్మట నీరసించి, మరల కోలుకొను మోటారే మోసకారి. కావున రెండు నిమిషములు త్రిప్పి చూచి బాగున్నదనుట పరీక్ష కాదని మా అభిప్రాయము. ఏరు నెమ్మదిగా నున్నపుడు, తెడ్లును, తేలుడు చొక్కాలును వెంటనుంచుకొని, పడవలో తగినంత బరువుతో అరగంటసేపు నడిపి చూడవలెను.

బలము తగ్గినపుడు మొదట ధ్వనిని వినవలెను. ఇంజను మోత హెచ్చి పడవ మాత్రము ముందునకు సాగనిచో దోషము ఇంజనుది కాదు. నీటిలో తిరుగు రెక్కల నడుమనున్న రబ్బరు పట్టు జారుచున్నదని యూహింపవచ్చును. మోతయు, వేగమును కూడ తగ్గినచో, యాత్రికులు ఏటిలో విడిచిన బట్ట రెక్కలకు చుట్టుకొన్నదేమో ఇంజనును ఆపి చూడవలెను. స్నానఘట్టములున్న చోట ఇది తరచుగా చూడవలసిన సంగతి.

అది కానిచో పెట్రోలు దారిని పరిశీలింపవలెను. పెట్రోలు డబ్బా మూతపై గాలి స్క్రూ ఒకటి యుండును. దానిని విప్పుట మరచినచో లోనికి గాలి చొరదు. కొంతసేపటికి పెట్రోలు రాక తగ్గి ఇంజను నీరసించును. మూత తీసి పెట్టగానే మరల కోలుకొనును! ఇంత చిన్న దోషమునకై మోటారును పట్టణమునకు మోసికొనిపోవుట వ్యర్థము.

డబ్బాకును, ఇంజనుకును నడుమ గొట్టమునందు చేతితో పిండెడి రబ్బరు బుడ్డి కలదు. బలము తగ్గిన క్షణముననే దానిని చూడవలెను. అది చప్పబడియున్నచో అడ్డు డబ్బా వైపుననే కలదు: గాలి స్క్రూ గాని, జల్లెడ గాని, లోపల ఊడిన గొట్టము గాని. చప్పబడక మెత్తగానుండి, పిండినంతనే ఇంజను పుంజుకొన్నచో, అతుకులలో గాలి చొచ్చుచున్నదని గాని, ఇంజనుపైనున్న పెట్రోలు పంపు పొర బలహీనమైనదని గాని తెలియును. ఎంత పిండినను మార్పు లేనిచో కార్బ్యురేటరును, ప్లగ్గులను అనుమానింపవలెను.

ఇచ్చటి ఎండలకు రబ్బరు గొట్టములు బిరుసెక్కి పగులును. మోటారులో నిలిచిన పెట్రోలు ఆవిరియై కార్బ్యురేటరు సన్నని రంధ్రములలో జిగురు మిగిల్చును. ఈ సీమలో మోటారు వాడుటవలన కంటె వాడకుండుటవలననే ఎక్కువ చెడును. అదిగాక నేడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలిసియుండును. అది గాలిలోని తేమను పీల్చును. పెట్రోలును గాజుసీసాలో పోసి కొంతసేపు ఉంచినచో, అడుగున వేరుపొర తేరినయెడల దానిని వాడరాదు. పాత రెండు స్ట్రోకుల మోటార్లకు పెట్రోలులో నూనె కలుపవలెను. కొన్నిటికి లీటరుకు 20 మిల్లీలీటర్లు, మరికొన్నిటికి 40. తయారీదారులు చెప్పిన కొలతయే ప్రమాణము.

ప్లగ్గుల విషయము. రెండు సిలిండర్ల ఇంజనులో ఒకటి మండనిచో బలము సగమునకు పడిపోవును. ఇంజనును ఆపి, చల్లారిన పిదప ప్లగ్గులు విప్పి చూడవలెను. ఒకటి పొడిగాను, రెండవది నల్లగా తడిసియు నున్నచో తడిసినదే మండనిది. వేడెక్కిన తరువాతనే ఆగి, చల్లారగానే మామూలుగా నడచుచున్నచో నిప్పురవ్వ నిచ్చు కాయిలును అనుమానింపవలెను. పెట్రోలు ఆవిరులున్న చోట నిప్పురవ్వ పరీక్ష సభ్యులు చేయరాదు. అది మెకానిక్కు పని.

నడచునపుడు ఇంజను ప్రక్కనుండి సన్నని నీటిధార వెలువడవలెను. ధార తగ్గినచో తక్షణమే ఆపవలెను. ఏటి ఇసుకకు లోపలి రబ్బరు చక్రము అరిగి ఇంజను వేడెక్కుచున్నదన్నమాట. నీరు లేక క్షణకాలము త్రిప్పినను ఆ చక్రము మాడును. ఒడ్డున త్రిప్పవలసివచ్చినచో నీరు పీల్చు రంధ్రములు మునుగునట్లు పీపాలో నిలిపి త్రిప్పవలెను.

ఒక్కమారు ఒక్క భాగమునే మార్చి మరల నడిపి చూడవలెను. అన్నియు కలిపి మార్చినచో దోషమెక్కడిదో తెలియదు, పంచాయతీ సొమ్మును వృథాయగును. ఎన్ని నిమిషములకు బలము తగ్గినది, బుడ్డి పిండగా ఏమైనది, నీటిధార ఎట్లున్నది, ఏ ప్లగ్గు తడిసియున్నది అను వివరములను తేదీతో పుస్తకమున వ్రాసి మెకానిక్కునకు చూపినచో అతని పని సులభమగును. ఈ పరీక్ష తుంగభద్రకు క్రొత్తనీరు వచ్చు తొలిదినములలోనే జరుగుట మేలు. గొట్టము, ప్లగ్గులు, రబ్బరు చక్రము తెప్పించుకొనుటకు వ్యవధి యుండును.