మోతుకు పువ్వు – దాని పేర్ల కథ



తపస్కాలం వచ్చిందంటే కరీంనగర్, ఆదిలాబాద్ అడవులు ఎర్రబడతాయి. ఆకులు రాలిన కొమ్మల నిండా మోదుగపూలు! మన పల్లెల్లో ఆ చెట్టును మోతుకు అంటారు. దానికున్న పేర్లు ఎలా పుట్టాయో ఈ వారం తెలుసుకుందాం.

సంస్కృతంలో దీని పేరు కింశుకం. 'కిం' అంటే ఏమి, 'శుకం' అంటే చిలుక. 'ఇది చిలుకా ఏమి?' అని దీనికి అర్థం చెబుతారు. ఒక పువ్వును చేతిలోకి తీసుకొని చూడండి. వంపు తిరిగిన రేక అచ్చం చిలుక ముక్కులా ఉంటుంది. ఈ పేరు దగ్గరి చూపులో నుండి పుట్టింది.

ఇంగ్లీషువారు 'ఫ్లేమ్ ఆఫ్ ది ఫారెస్ట్', అనగా అడవి మంట అన్నారు. ఇది దూరపు చూపు.

వృక్షశాస్త్రంలో దీని పేరు 'బ్యూటియా మోనోస్పెర్మా'. 18వ శతాబ్దంలో కోస్తాలోని సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 'బ్యూటియా' అన్న పేరు పెట్టాడు. 1762–63లో బ్రిటన్ ప్రధానిగా ఉన్న బ్యూట్ ప్రభువు జాన్ స్టువర్ట్‌కు మొక్కలంటే ప్రీతి. ఆయన గౌరవార్థమే ఆ పేరు. 'మోనోస్పెర్మా' అంటే ఒకే గింజ గలది. కాయను చీల్చి చూస్తే గింజ ఒక్కటే ఉంటుంది.

ఇక మోతుకు. ఈ మాట వినగానే మన పెద్దలకు చిలుకా గుర్తు రాదు, ప్రభువూ గుర్తు రాడు. మోతుకాకులతో కుట్టిన ఇస్తారి గుర్తొస్తుంది. హోలీకి పూలు ఉడకబెట్టి తీసే రంగు గుర్తొస్తుంది. ఆదిలాబాద్ గోండు గూడేలకూ ఈ రంగు బాగా తెలుసు. చెట్టుతో కలిసి బ్రతికినవారి పేరు ఇది.

దేవుడు ప్రాణులను ఆదాము వద్దకు తెచ్చి, వాటికి పేర్లు పెట్టే పనిని అతనికే అప్పగించాడని ఆదికాండము (2:19) చెబుతుంది. పేరు పెట్టాలంటే ముందు చూడాలి, ఎరగాలి. మన పిల్లలు బడిలో ఇంగ్లీషు పేరు నేర్చుకోవడం మంచిదే. కాని ఇంట్లో మోతుకు అన్న మాట వినబడకపోతే, ఏ ఆకు కుట్టుకు పనికొస్తుందో, రంగు ఎలా తీస్తారో చెప్పే సందర్భమే వారికి దొరకదు.

కనుక తల్లిదండ్రులారా, ఈ ఆదివారం పూజ తరువాత పిల్లలను ఒక మోతుకు చెట్టు దగ్గరకు తీసుకెళ్లండి. పేరు మీరు చెప్పండి. ఇస్తారి కుట్టడం అమ్మమ్మనో నాయనమ్మనో చూపించమనండి.