కష్టంలో తోడు

కలిమిలేములు కావడి కుండలు అంటారు పెద్దలు. ఈరోజు పక్కింటికి వచ్చిన కష్టం రేపు మనింటికీ రావచ్చు. మన కర్నూలు సీమకు కష్టాలు కొత్త కాదు.

1866లో పెద్ద కరువు వచ్చింది. తినడానికి గింజలు లేవు. ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అనే ఆయన ఉండేవాడు. ఆకలితో వచ్చినవాళ్లకు ఆయన అన్నం పెట్టించాడు. ఆయన మీద కట్టిన పాటలు మన పల్లెల్లో ఇప్పటికీ పాడతారు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు టౌనును ముంచాయి. జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. నీళ్లు తీసినాక ఇండ్లలో బురద మిగిలింది. బియ్యం, బట్టలు, కాగితాలు పాడైనాయి. అప్పుడు వేరే ఊళ్లవాళ్లు అన్నం పొట్లాలు, బట్టలు తెచ్చి ఇచ్చారు.

కరువొచ్చినా, వరదొచ్చినా నలుగురూ కదులుతారు. మరి ఒక్క ఇంటికే కష్టం వస్తే?

నందికొట్కూరు పక్కన, కాలువ నీళ్లు అందని పల్లెలో ఒకామె ఉందనుకుందాం. చేనులో మూడు బోర్లు వేశారు. నీళ్లు పడలేదు. అప్పులు పెరిగినాయి. మగడు ప్రాణం తీసుకున్నాడు. దినాల వరకు చుట్టాలు వచ్చారు. తరువాత ఎవరూ రాలేదు. పైగా "ఆమె కాలు పెట్టిన వేళ మంచిది కాదు" అన్నారు.

వాన రాకపోవడం ఆమె తప్పా? బోరు ఎండిపోవడం ఆమె తప్పా? అసలే పుండు మీద ఉన్న మనిషి. ఆ పుండు మీద కారం చల్లవచ్చునా?

ఇట్లాంటి ఇంటికి పోయినప్పుడు మనం ఏం చేయాలి?

1. "ఎట్ల జరిగింది?" అని మళ్లీ మళ్లీ అడగొద్దు. ఆమె చెబితే వినండి. చెప్పకపోతే ఊరికే పక్కన కూర్చోండి.

2. "ఏడవద్దు, మరిచిపో" అనొద్దు. ఏడవనీయండి. "నీ ఒక్కదానికేనా కష్టం?" అని అసలే అనొద్దు.

3. "ఏమన్నా కావాలంటే అడుగు" అంటే ఆమె అడగదు. మొగమాటపడుతుంది. "అక్కా, ఈ పూట సంగటి నేను తెస్తా. పిల్లోళ్లను బడికి నేను తోలుకపోతా. గొడ్లకు మేత నేనేస్తా" అని చెప్పి చేయండి.

4. ఆమె మనతో చెప్పుకున్న మాట కొళాయి కాడ చెప్పొద్దు.

5. దినాలు అయినాక కూడా పోండి. నెల తరువాత పోండి. పండగ రోజు తప్పక పోండి. ఆ రోజు ఆ ఇంట్లో దుఃఖం ఎక్కువగా ఉంటుంది.

6. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ఆ చదువు ఆమెకూ అక్కరకు రావాలి. మనిషి చనిపోతే 21 రోజుల లోపల నమోదు చేయించాలి. అప్పుడు రుసుము ఉండదు. వితంతు పింఛనుకు, బ్యాంకు పనికి మరణ ధృవపత్రం కావాలి. ఆమెతో కలిసి సచివాలయానికి పోండి. అర్జీ చదివి వినిపించండి. అప్పిచ్చినవాళ్లు ఏదన్నా కాగితం తెస్తే, అందులో ఏముందో తెలియకుండా ఆమెను వేలిముద్ర వేయనీయవద్దు.

7. "ఇంక బతికి ఏం లాభం?" అని ఆమె అంటే తేలికగా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. పురుగుల మందు డబ్బా ఇంట్లో ఉంటే తీసేయండి. 14416కు ఫోన్ చేయండి. దాని పేరు టెలీ మానస్. రాత్రి, పగలు ఎప్పుడైనా చేయవచ్చు. డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడతారు.

కొత్త మాటలు చదవండి:
తోడు, ఓదార్పు, మొగమాటం, అర్జీ, ధృవపత్రం

జవాబులు రాయండి:
1. 1866లో ఉయ్యాలవాడలో ఆకలైనవాళ్లకు అన్నం పెట్టించింది ఎవరు?
2. మరణాన్ని ఎన్ని రోజుల లోపల నమోదు చేయించాలి?

అందరూ కలిసి మాట్లాడండి:
మగడు పోయిన ఆడమనిషిని మన ఊర్లో శుభకార్యాలకు పిలుస్తున్నామా? పిలవకపోతే ఎందుకు పిలవడం లేదు? ఈసారి మన ఇంట్లో శుభకార్యానికి మొదట ఎవరిని పిలుద్దాం? ఆమె పేరు పలక మీద రాయండి.